నికాన్ పి950: పక్షికీ, ఫుజి పర్వతానికీ, పిల్లల పరుగుపందేనికీ ఒకటే లెన్స్

టోక్యో తూర్పు అంచున ఎదొగావా వార్డులోని నిషి-కసాయ్ ప్రాంతంలో భారతీయులు చాలామందే ఉన్నారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవారికి ఆదివారం పిల్లలను తీసుకువెళ్లడానికి సముద్రపు ఒడ్డునే కసాయ్ రింకాయ్ పార్కు ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్టు అక్కరలేదు. పిల్లలు పరుగెత్తడానికి పచ్చిక ఉంది, 117 మీటర్ల ఎత్తున్న జెయింట్ వీల్ ఉంది, తూర్పు వైపు చెట్ల చాటున పక్షుల కోసమే విడిచిపెట్టిన రెండు చెరువులు ఉన్నాయి. శీతాకాలంలో గాలి తేటగా ఉన్న సాయంత్రం ఒడ్డున నిలబడితే పడమటి ఆకాశంలో, దాదాపు 100 కిలోమీటర్ల అవతల, ఫుజి పర్వతం నల్లని నీడలా తేలుతుంది. ఫొటోల సరదా ఉన్న గృహస్థుకు అందువల్ల ఒకే పూటలో మూడు పనులు పడతాయి: రెల్లు చాటున కదిలే పిట్టను పట్టుకోవాలి, కొండను పట్టుకోవాలి, ఈ రెండింటి మధ్య ఐస్‌క్రీము కోసం అలిగిన పిల్లను కూడా పట్టుకోవాలి.

ఈ మూడు పనులకూ నేను రెండు లెన్సులున్న కెమెరాను చాలాకాలం మోశాను. మా ఆవిడ ఒకసారి, "మీరు లెన్స్ మార్చేలోగా పిట్టా ఎగిరిపోతుంది, పిల్లా ఎటో పోతుంది" అన్నది. అది ఎత్తిపొడుపే అయినా అక్షరాలా నిజం. ఆ తరువాత సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే నికాన్ కూల్‌పిక్స్ పి950. మూడు శీతాకాలాలు దానితో గడిపాను కనుక, ఏ పనికి పనికివస్తుందో, ఏ పనికి పనికిరాదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఇది 2020 జనవరిలో ప్రకటించిన కెమెరా. లెన్స్ ఊడదీయడానికి వీలులేదు, కెమెరాతో కలిసే ఉంటుంది. చూపు వెడల్పును పాత ఫిల్ము కెమెరాల లెక్కలో చెప్పుకుంటే 24 మిల్లీమీటర్ల నుంచి 2000 మిల్లీమీటర్ల దాకా, అంటే 83 రెట్లు జూమ్ అవుతుంది. ఈ మిల్లీమీటర్ల అంకె పెరిగేకొద్దీ చూపు ఇరుకై, దూరపు వస్తువు దగ్గరవుతుంది. బరువు 1,005 గ్రాములు. చూడడానికి పెద్ద కెమెరాలా కనిపించినా లోపలి సెన్సరు (కాంతిని పట్టి ఫొటోగా మార్చే చిప్పు) మాత్రం మామూలు కాంపాక్ట్ కెమెరాలలో ఉండేంతే, సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. ఫుల్ ఫ్రేము, అంటే పాత ఫిల్ము ముక్కంత సెన్సరు వైశాల్యంతో పోలిస్తే ఇది 30వ వంతు. ఈ కెమెరా గొప్పతనమూ, దీని దోషాలూ అన్నీ ఈ ఒక్క చిన్న చిప్పు నుంచే పుడతాయి. లెన్స్ అసలు పొడవు చివరి జూమ్‌లో 357 మిల్లీమీటర్లే. సెన్సరు చిన్నది కాబట్టి అది 2000తో సమానమవుతుంది. అందుకే కిలో బరువులో ఇంత దూరపు చూపు సాధ్యమైంది. ఫుల్ ఫ్రేములో నిజంగా 2000 మిల్లీమీటర్ల లెన్స్ కావాలంటే దాన్ని చేత్తో మోసే మాట అటుంచి కారులో పెట్టడానికే ఆలోచించాలి.

కొనుగోలుదారులలో ఎక్కువమంది 2000 అనే అంకెను చూసే దీనిని కొంటారు. నేనూ అలాగే కొన్నాను. మూడేళ్ల తరువాత నా మంచి ఫొటోలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం 400కూ 1200కూ మధ్య తీసినవే. దీనికి కారణం కెమెరాలో సగం ఉంటే, గాలిలో సగం ఉంది. చివరి జూమ్‌లో లెన్స్ అపర్చరు, అంటే కాంతి లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/6.5కు చేరుతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం ఇరుకు). 16 మెగాపిక్సెళ్లను అంత చిన్న చిప్పులో ఇరికించినందువల్ల ఒక్కొక్క పిక్సెలు ఒకటిన్నర మైక్రానుకన్నా చిన్నది, ఎఫ్/6.5 దగ్గర కాంతి తన స్వభావం కొద్దీ పరుచుకొని ఏర్పరిచే చుక్క దానికి ఆరింతలు ఉంటుంది. కాబట్టి ఈకల అంచులు కాగితం మీద గీసినట్టు రావడం ఏ ఇంజనీరు తరమూ కాదు, భౌతికశాస్త్రమే అడ్డు. ఇక గాలి సంగతికొస్తే, ఎండ పడిన నీటి మీదుగా 200 మీటర్ల అవతలి పక్షిని తీసినప్పుడు ఎండమావుల్లో చూసినట్టు ఈకలు వణుకుతాయి. ఆ వణుకును ఏ లెన్సూ ఆపలేదు. తెల్లవారిన గంటలోపలే, నేలా నీరూ వేడెక్కకముందే, దూరపు పక్షులను తీసుకోవాలి.

అయితే అదే 2000 దగ్గరి పిట్టకు పెడితే చేసే పని వేరు. కసాయ్ పక్షుల చెరువులలో పైది మంచినీటిది, కిందిది ఉప్పునీరు కలిసేది. వాటి చుట్టూ చెక్కగోడలు కట్టి, వాటిలో మనిషి కళ్లెత్తున చిన్న కిటికీలు విడిచారు. ఆ కిటికీకి 20 మీటర్ల దూరంలో కొమ్మ మీద లకుముకి పిట్ట వాలిందనుకోండి, పూర్తి జూమ్‌లో ఫ్రేము వెడల్పు ఆ దూరాన సుమారు 35 సెంటీమీటర్లే. పిట్ట పొడవు 17 సెంటీమీటర్లు కనుక దాదాపు సగం ఫ్రేము నిండుతుంది. అంత దగ్గరలో గాలి వణుకు ఉండదు. జపనీయులు దీన్ని 'కవసెమి' అంటారు, మరకతం లాంటి పచ్చరాయికి వాడే అక్షరాలతోనే రాస్తారు. మన కాలువగట్ల మీద కనబడే లకుముకి పిట్టదీ దీనిదీ ఒకే జాతి. ఊళ్లో ఉన్నంతకాలం దాని వైపు తలైనా తిప్పని నేను ఇక్కడ దానికోసం చలిలో గంటన్నర నిలబడడం చూసి మా నాన్నగారు వీడియో కాల్‌లో చాలాసేపు నవ్వారు.

ఆ కిటికీల దగ్గర ఆదివారాలు పదవీ విరమణ చేసిన జపనీయ పెద్దలే ఎక్కువ కనిపిస్తారు. వారి భుజాల మీద ఫిరంగుల్లాంటి తెల్లని లెన్సులుంటాయి, ఒక్కొక్కటి మా ఇంటి అద్దెను ఏడాదిపాటు చెల్లించగలదు. అయినా నా చిన్న కెమెరాను చూసి ఎవరూ ముఖం చిట్లించలేదు. పక్షి ఎటు వాలిందో వేలితో చూపించి, కిటికీ నుంచి పక్కకు జరిగి చోటిచ్చినవారే ఎక్కువ. ఆ మర్యాదకు బదులుగా మనం పాటించవలసింది కొంత ఉంది. షట్టరు శబ్దాన్ని మెనూలో ఆపివేయాలి, పిట్టను రప్పించడానికి ఫోనులో దాని కూత వినిపించకూడదు, గూళ్ల జోలికి పోకూడదు.

శీతాకాలంలో ఈ పార్కు ముందున్న సముద్రంలో 'సుజుగమో' అనే బాతులు వేల సంఖ్యలో తేలుతుంటాయి. తెడ్డు వంటి ముక్కు, నల్లని ముఖం గల అరుదైన తెడ్డుమూతి కొంగలు కూడా అప్పుడప్పుడు చెరువులోకి వస్తాయి. ఈ తీరానికి 2018లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేల అనే గుర్తింపు) వచ్చింది. మన కొల్లేటికి 2002లోనే వచ్చిన గుర్తింపు అది. బాతుల గుంపు 300, 400 మీటర్ల దూరాన ఉంటుంది కాబట్టి విడివిడి బాతులను తీయాలనే ఆశ వదులుకొని, 600 దగ్గర ఆగి, గుంపు మొత్తం అలల మీద పరుచుకున్న తీరును తీయడం మేలు.

పక్షి బొమ్మ ఉన్న మోడ్ ఒకటి కెమెరా పైచక్రంలోనే ఉంది, పక్కన చంద్రుడి బొమ్మ ఉన్నది మరొకటి. చంద్రుడి మోడ్ గురించి ఒక్క మాట చాలు: పూర్తి జూమ్‌లో చంద్రబింబం ఫ్రేము ఎత్తులో ముప్పాతిక వంతు నిండుతుంది, పిల్లలు బాగా మెచ్చుకుంటారు. పక్షుల మోడ్ కొత్తవారికి మంచిదే. అయినా నేను కొంతకాలానికి దాన్ని వదిలి షట్టరు వేగాన్ని నా చేతిలో పెట్టుకున్నాను. కూర్చున్న పక్షికి సెకనులో 250వ వంతు, కదిలే పక్షికి 1000వ వంతు, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు ఎంత సున్నితమో చెప్పే అంకె) వీలైనంతవరకు 400 దాటకుండా చూసుకోవడం నా పద్ధతి. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు 5.5 స్టాపుల మేరకు (ఒక్కో స్టాపుకు షట్టరును రెండింతల సేపు తెరిచి ఉంచవచ్చు) పనిచేస్తుందని తయారీదారు లెక్క. మోచేతులు కిటికీ గట్టు మీద ఆనించుకుంటే నేను ట్రైపాడ్ లేకుండానే పని గడుపుకుంటున్నాను. కసాయ్ గట్ల మీద ఎవరికీ అడ్డురానప్పటికీ, రద్దీగా ఉండే చాలా గుళ్లలో, తోటల్లో ట్రైపాడ్ నిషిద్ధం కనుక ఇది చిన్న సౌకర్యం కాదు.

ఈ కెమెరాలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒక చిన్న మీట. లెన్స్ పక్కన ఎడమ బొటనవేలికి అందే చోట ఉంటుంది. పెద్ద జూమ్‌లో పిట్ట కొమ్మ మారితే ఫ్రేములో ఆకులు తప్ప ఏమీ కనిపించవు. ఆ మీట నొక్కి పట్టుకుంటే చూపు వెంటనే వెడల్పవుతుంది, పిట్టను వెతికి మధ్యలోకి తెచ్చుకొని వేలు తీసేస్తే మళ్లీ మునుపటి జూమ్‌కే వెళ్తుంది. ఫిబ్రవరిలో తొందరగా పూసే కవాజు చెర్రీ చెట్ల మీద తేనె తాగే 'మెజిరో'లను ఈ మీట లేకుండా తీయడం నా వల్ల అయ్యేది కాదు. కళ్ల చుట్టూ సున్నంతో వలయం గీసినట్టుండే ఆ పచ్చని పిట్ట ఒక పువ్వు దగ్గర రెండు సెకన్లు కూడా ఆగదు.

ఎగిరే పక్షుల విషయంలో ఆశలు పెట్టుకోకూడదు. సెకనుకు 7 ఫొటోల వేగం ఉన్నా వరుసగా 10 ఫొటోలు కాగానే కార్డులోకి రాసుకోవడానికి ఆగుతుంది. ఫోకస్ కూడా ఈనాటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల) కెమెరాల మాదిరి పక్షి కన్నును గుర్తుపట్టి వెంటాడేది కాదు. నిదానంగా రెక్కలాడించే కొంగను, హంసను పట్టుకోవచ్చు. నీళ్లలోకి దూకే లకుముకిని పట్టుకోవాలనుకునేవారు మరో కెమెరా చూసుకోవాలి.

ప్రకృతి దృశ్యాలకు వస్తే ఫుజి పర్వతాన్నే గీటురాయిగా పెట్టుకున్నాను. కవగుచి సరస్సు ఉత్తరపు ఒడ్డున ఓఇషి పార్కు నుంచి 3,776 మీటర్ల ఆ శిఖరం సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తెల్లవారుజామున గాలి లేనప్పుడు సరస్సులో పడిన తలకిందుల ఫుజితో సహా మొత్తం కొండను తీయడానికి 24 మిల్లీమీటర్ల చివర చక్కగా సరిపోతుంది, అక్కడ అపర్చరు ఎఫ్/2.8 కూడా. రా ఫైలులో (సెన్సరు పట్టినది పట్టినట్టే దాచే ఫైలులో) తీస్తే మంచు మీది వెలుగును తరువాత ఇంటిదగ్గర సరిదిద్దుకోవచ్చు. 2015లో వచ్చిన పాత మోడల్ పి900లో ఈ వీలు లేదు, పాతది చవకగా దొరుకుతోంది కదా అని కొనేవారు ఇది గమనించాలి. కానీ ఉదయపు నీడలూ మంచు తెల్లదనమూ ఒకే ఫ్రేములో ఇముడ్చుకునే శక్తి ఈ చిన్న సెన్సరుకు తక్కువ. గోడకు పెద్దదిగా వేలాడదీసే ఫుజి చిత్రం కావాలంటే ఇది సరైన సాధనం కాదని ఒప్పుకోవాలి. ఆల్బమ్ సైజుకు, టీవీ తెరకు ఏ లోటూ కనిపించదు.

విచిత్రమేమంటే నాకు నచ్చిన ఫుజి చిత్రాలు వెడల్పు చివర తీసినవి కావు. అరకురయామా సెంగెన్ గుడి దగ్గర 398 మెట్లెక్కి, ఐదంతస్తుల చూరెయితో పగోడా వెనక కొండను అందరూ తీసే చోట నిలబడి నేనూ ఆ చిత్రం తీశాను. ఆ తరువాత జూమ్‌ను 1000 దాకా పంపి, శిఖరపు అంచున గాలికి లేచే మంచు పొడిని మాత్రం తీశాను. మొదటి చిత్రం లాంటివి ప్రపంచంలో కోట్లు ఉండవచ్చు, రెండోది మా ఇంట్లోనే ఉంది. ఇక్కడి రద్దీ గురించి కూడా చెప్పాలి. ఫుజికవగుచికో పట్టణంలో ఒక దుకాణం వెనక కొండ కనిపించే చోట ఫొటోల కోసం జనం రోడ్డు మీదికి రావడంతో, 2024 మే నెలలో ఊరివారు 2.5 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవున తెర కట్టవలసి వచ్చింది. దూరం నుంచి తీయగల కెమెరా చేతిలో ఉన్నవారికి మరొకరి వాకిట్లోకి వెళ్లవలసిన అవసరమే రాదు.

కుటుంబం విషయంలో ఈ కెమెరా విలువ నాకు తెలిసింది బడి 'ఉన్దోకాయ్' రోజున. జపాన్ బడుల్లో ఏటా జరిగే ఈ ఆటల పండుగలో తల్లిదండ్రులు మైదానం అంచున తాడు అవతలే ఉండాలి. ఒకే రకం టోపీలు, ఒకే రకం బట్టలు వేసుకున్న వందమంది పిల్లల్లో మన పిల్ల ఎక్కడుందో కంటికే ఆనదు, ఇక ఫోను కెమెరాకు ఏం ఆనుతుంది? పట్టపగటి వెలుతురు, 60 మీటర్ల దూరం, 400 నుంచి 600 వరకు జూమ్: పి950 సరిగ్గా ఇలాంటి పనికే పుట్టిందనిపిస్తుంది. పరుగుపందెంలో మా అమ్మాయి నాలుగో స్థానంలో వచ్చింది, అయితే పళ్లు బిగించి గీత దాటుతున్న ఆ ముఖం మాత్రం ఏ ఫోనుకూ చిక్కేది కాదు. పూర్తిగా విప్పి తిప్పుకోగల తెర ఉండడం వల్ల ముందువరుసలో కూర్చున్నవారి తలల మీదుగా కెమెరా ఎత్తి పట్టుకొని కూడా తీయగలిగాను.

ఇంత దూరపు చూపున్న కెమెరాను పిల్లలున్న చోటికి తీసుకువెళ్లినప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇతరుల ముఖాలను అనుమతి లేకుండా తీయడం, బయట పెట్టడం ఇక్కడివారు చాలా పట్టింపుగా చూసే విషయం. ఉన్దోకాయ్ ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టవద్దని చాలా బడులు కోరతాయి. పార్కులో కూడా లెన్స్‌ను చెట్ల వైపో నీళ్ల వైపో తిప్పి ఉంచుతాను. పచ్చిక వైపు తిప్పవలసి వస్తే జూమ్ ముందే పూర్తిగా తగ్గించేస్తాను.

సూర్యుడు దిగిపోగానే ఈ కెమెరా పని కూడా దిగిపోతుంది. శీతాకాలంలో టోక్యోలో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. ఇంట్లో పుట్టినరోజు కొవ్వొత్తుల వెలుగులో, హోటల్లో, దీపావళి రాత్రి మన వాళ్లందరం కలిసినప్పుడు ఫోను తీసే ఫొటోలే దీనికన్నా బాగుంటాయి. నేను ఈ సంగతి ఒప్పుకోవడానికి ఒక ఏడాది పట్టింది, ఇప్పుడు చీకటి పడితే మొహమాటం లేకుండా సంచిలో పెట్టేస్తున్నాను.

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కయిడో దీవికి చేసిన ప్రయాణం గురించి వేరుగా చెప్పాలి. ఎర్రని శిరస్సు గల 'తన్‌చో' కొంగలు జపాన్‌లో అంతరించాయని ఒకప్పుడు భావించారు. 1924లో కుషిరో చిత్తడినేలల్లో కొన్ని మిగిలి ఉన్నట్టు కనుగొన్నారు, తరువాత శీతాకాలపు మేత వల్ల వాటి సంతతి పెరిగింది. త్సురుయి గ్రామంలో ఓతొవా వంతెన మీద తెల్లవారకముందే నిలబడితే, సెత్సురి నదిలో ఒంటికాలి మీద నిద్రపోయే కొంగలు ఆవిరి మధ్య మెల్లగా కనిపిస్తాయి. కెమెరాను 0 నుంచి 40 డిగ్రీల మధ్యనే వాడాలని తయారీదారు స్పష్టంగా రాశాడు. మేము వెళ్లిన రోజు సున్నాకు 15 డిగ్రీల దిగువన ఉంది. ఆ నియమం మీరినవాడిని నేనే కనుక 40 నిమిషాలలో బ్యాటరీ అడుగంటిందని ఎవరి మీదా ఫిర్యాదు చేయను. అప్పటికే వంతెన మీద కావలసినవి దొరికాయి. 800 దగ్గర, గాలి వణుకు లేని ఆ చలిలో, ఈ చిన్న సెన్సరు తన శక్తికి మించిన పని చేసిందనే చెప్పాలి.

మామూలు రోజుల్లో కూడా ఒక చార్జింగ్‌కు సుమారు 290 ఫొటోలనే కంపెనీ లెక్క, పక్షుల కోసం తిరిగేవారికి అది ఉదయానికే సరిపోతుంది. పెట్టెలో వచ్చే సామగ్రితో చార్జింగ్ కెమెరాలోనే, పాత మైక్రో యూఎస్‌బీ తీగతో జరుగుతుంది. వాన తుంపరలకు రక్షణ లేదు. జూన్‌లో వానలు మొదలైతే మన కోస్తా ఇళ్లలో బట్టలకు పట్టినట్టే ఇక్కడ లెన్సులకు బూజు పడుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు ఉంటే చాలు, ఖరీదైన అల్మారా అక్కరలేదు.

కొనాలనుకునేవారికి ధర సంగతి. అమెరికాలో విడుదలైనప్పుడు దీని ధర 800 డాలర్లు. జపాన్‌లో సెకండ్ హ్యాండ్ కెమెరాల దుకాణాలు నమ్మదగినవనే పేరుంది, వస్తువు స్థితిని శ్రేణులుగా విభజించి గీతల గురించి కూడా రాసిపెడతారు. అయినా నేను మొదట ఒక దుకాణంలో కొన్న పాత కెమెరాకు లెన్స్ లోపల పల్చని మసక ఉంది. టార్చి లైటు వేసి చూసుకోకపోవడం నా పొరపాటు, వారు మాత్రం వారంలోపల వెనక్కి తీసుకున్నారు. జపాన్ మార్కెట్టు కోసం అమ్మే కొన్ని కంపెనీల కెమెరాలలో మెనూ జపనీస్ భాషలోనే ఉంటుంది కాబట్టి, ఏది కొన్నా ఇంగ్లీషు మెనూ ఉందో లేదో కౌంటరు దగ్గరే తెరిచి చూసుకోవాలి.

పోటీగా నిలిచే వాటిలో నికాన్‌దే అయిన పి1000కు 3000 మిల్లీమీటర్ల జూమ్ ఉంది, 1,415 గ్రాముల బరువూ ఉంది. గాలి వణుకు గురించి పైన చెప్పినది చదివినవారికి ఆ అదనపు వెయ్యి ఎందుకు వద్దో వేరుగా చెప్పనక్కరలేదు. సోనీ ఆర్‌ఎక్స్10 నాలుగో తరం కెమెరాకు 'ఒక అంగుళం' రకపు పెద్ద సెన్సరు, 600 వరకు జూమ్ ఉన్నాయి. చిత్రం నాణ్యతలో అది మెరుగు, ధరలో చాలా పైమెట్టు. నన్ను నిజంగా ఊగించినది మాత్రం కానన్ ఆర్50 అనే మిర్రర్‌లెస్ కెమెరాకు ఆర్‌ఎఫ్ 100-400 లెన్స్ జోడించే ఆలోచన. రెండూ కలిపి 1,010 గ్రాములు, అంటే పి950తో సమానమైన బరువే. పక్షిని తానే గుర్తుపట్టే ఫోకస్, పెద్ద సెన్సరు, ఫిల్ము లెక్కలో 640 వరకు చూపు ఉంటాయి. పెళ్లికానివారికీ, ఒంటరిగా పక్షుల కోసమే వెళ్లేవారికీ నేను కళ్లు మూసుకొని దానినే సూచిస్తాను. కానీ దానితో సరస్సు మొత్తం తీయాలంటే, పక్కనున్న పిల్లను తీయాలంటే, మళ్లీ లెన్స్ మార్చాలి.

మా ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. వచ్చే శీతాకాలానికి రెండు అదనపు బ్యాటరీలు కొని, చలికి దిగిపోకుండా కోటు లోపలి జేబులో పెట్టుకోవాలని మాత్రం నిర్ణయించుకున్నాను.